కుదురు లేని వకీలమ్మ

వకీలమ్మ కుర్చీ ఇంకా కొత్తగానే ఉందని, కూర్చుంటే కదా అరిగేదని జూనియర్లు ఆమె చాటున నవ్వుకుంటారు. లా కాలేజీలో ఉండగా, ఆడవాళ్ల ఇంటి చాకిరీని లోకం పనిగా ఎందుకు లెక్కించదని నిలదీసిన ఒక తత్త్వవేత్త రచనలు చదివింది. ఆనాటి నుంచి ఆమెకు కుదురు లేదు. ఎవరైనా టీ తెచ్చిస్తే, గ్లాసులు కడిగేదెవరని అడగనిదే గుటక దిగదు. ఆ రోజు కూడా గదిలో పచార్లు చేస్తూనే, లారీ గుద్ది కుడిచెయ్యి పోగొట్టుకున్న ఒక గృహిణి తరఫున నష్టపరిహారం దావా చెప్పి రాయించింది. భార్యాభర్తలిద్దరూ ఎదుటే కూర్చుని ఉన్నారు. టైపిస్టు చదివి వినిపించింది: "బాధితురాలు ఏ పనీ చేయక ఇంటిపట్టునే ఉండును."

వకీలమ్మ ఠక్కున ఆగింది. "ఎవరు చెప్పారా మాట?"

"మీరేనండీ. ఎప్పుడూ చెప్పేదేగా!"

ఆమె ముఖం కందిపోయింది. అంత చదువూ చదివి, కోర్టు వాడుకను నాలుక మీంచి తుడుచుకోలేకపోయింది. బాధితురాలి వైపు వంగి, "మీరు రోజూ ఏమేం చేసేవారమ్మా?" అని అడిగింది.

"ఏముందండీ, ఖాళీయే," అందామె సిగ్గుపడుతూ.

వకీలమ్మ ఆ భర్త వైపు తిరిగింది. "మరి ఇప్పుడా ఖాళీ ఎవరు చూసుకుంటున్నారయ్యా?"

"మా అమ్మ, చెల్లెలు, నేనూనండీ," అన్నాడతను తల గోక్కుంటూ. "ముగ్గురం కిందా మీదా పడుతున్నా పొద్దుగూకేదాకా తెమలడం లేదు."

భార్య అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"ఆ వాక్యం కొట్టేసి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాయమ్మా," అంది వకీలమ్మ.