పుంటికూర ఉడికిన నీళ్లు

తెలంగాణ కోసం రోజుకో రోడ్డు ఆగిపోతున్న కాలమది. నేను జగిత్యాలలో ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఉన్నాను. నా ప్రాజెక్టు పుంటికూర మీద, అదే గోంగూర. ల్యాబులో ఒక ఊదారంగు మందు ఉండేది. మన ఒంట్లో అదుపు తప్పి కణాలను చెరిపే ఆక్సిజన్‌కు ఉండే పొగరులాంటిదే దానికీ ఉంటుంది. ఆకు రసం కలిపితే ఆ పొగరు అణిగి, ఊదా వెలిసి పసుపుకు తిరుగుతుంది. ఎంత వెలిస్తే ఆకుకు అంత బలం. అది యంత్రంలో చూసి రాసుకోవాలి.

ఒకే చేని ఆకును మూడుసార్లు కొలవాలి. రెండుసార్లు అయింది. మూడోసారికి సరిపడా మందే మిగిలింది, అదీ ఆ సాయంత్రం దాటితే పనికిరాదు. ఆ కొలత తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. సిరిసిల్లలో బీడీలు చుడుతూ నన్ను చదివిస్తున్న అమ్మకు ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆ రోజు పొద్దున్నే కోరుట్ల దగ్గరి చేనుకు పోయి, అక్కడ మిగిలిన ఆకంతా సంచి నిండా కోసుకుని బస్సెక్కాను. కాస్త దూరం పోగానే బస్సు ఆగింది. రోడ్డు మీద వంటావార్పు. అక్కడే వండుకుని అక్కడే తింటున్నారు. వచ్చినవాళ్లు తలా ఇంత బియ్యమో కూరగాయలో తెచ్చి పొయ్యి పక్కన పెడుతున్నారు. నేనూ సంచి అక్కడే నీడన పెట్టి మంచినీళ్లకు పోయాను. ఎమ్మెస్సీ చదివే తెలివి ఆ మాత్రమే. తిరిగి వచ్చేసరికి నా ఆకంతా మరిగే నీళ్లలో ఉంది.

వండుతున్న పెద్దమ్మ మీద ఒంటికాలి మీద లేచాను. నా చదువు గంగలో కలిపావన్నాను. ఏడ్చాను కూడా. ఆమె ఆ ఆకుతో నాకేం పనో అడిగి, చెప్పిందంతా నెమ్మదిగా విన్నది.

"పచ్చిది ఎవ్వలు తింటరు బిడ్డా? మనం తినేది ఉడికిందే గదా. గదే కొలువు. నీళ్లు గూడ పట్కపో, సారమంత గా నీళ్లల్లనే ఉంటది."

అప్పటికింకా ఉప్పు, పప్పు పడలేదు. ఆకు ఒక డబ్బాలో పెట్టి, నీళ్లు ఒక సీసాలో పోసి ఇచ్చింది. రోడ్డుకు అడ్డం కూర్చున్నవాళ్లలోనే ఒకాయనను లేపి, నన్ను బండి మీద జగిత్యాలలో దింపి రమ్మంది.

ల్యాబులో ఉడికిన ఆకుతో మందు రంగు కొంచెమే వెలిసింది. నీళ్లు కలపగానే మాత్రం నా కళ్లముందే పసుపయింది. మా సార్ నమ్మక, అడుగున మిగిలిన మందుతో మరోసారి చేయించారు. మళ్లీ అదే. ఆకు బలం ఎక్కడికీ పోలేదు, నీళ్లలోకి దిగింది. మూడో కొలత సంగతి వదిలేసి దీన్నే రాయమన్నారు సార్.

వైవాకు బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్, ఉడికిన నీళ్లు కొలవాలన్న ఆలోచన ఎవరిదని అడిగారు. నాదేనని చెప్పినా కాదనేవాళ్లు లేరు.

"రోడ్డు మీద వంట చేసిన ఒక పెద్దమ్మది సార్. నేను ఆమె మీద అరిచిన," అన్నాను.

పాసయ్యాను. తర్వాత రెండుసార్లు కోరుట్లకు పోయి వెతికాను, ఆమె దొరకలేదు. ఈ చదువు ఆమె పెట్టిన భిక్ష. ఆ సంగతి ఆమెకు తెలియదు.