మామ్మ ప్రార్థనలో హవాయి

మా రెబ్కా మామ్మ ప్రార్థన మొదలుపెడితే అన్నం చల్లారాల్సిందే. రోజంతా మిరపకాయల తొడాలు తీసి మండుతున్న చేతులు ఒళ్లో పెట్టుకుని, ఒక కన్ను మూసి, రెండోది పిల్లి కోసం తెరిచి ఉంచి, ఊళ్లో జబ్బుపడ్డవాళ్లందరినీ దేవుడికి అప్పగించేది. చివర్లో, "హవాయి దీవుల్ని రాణిగారి జనానికి తిరిగిప్పించు తండ్రీ" అనేది. వయసులో ఉన్నప్పుడు మామ్మ మిషన్ బంగళాలో ఆయా. చక్కెర తోటల అమెరికా దొరలు ఆ రాణిని గద్దె దించారనీ, ఆవిడ కోటలోనే ఓ గదిలో బంధిస్తే అక్కడ కూర్చుని బొంత కుట్టిందనీ దొరసాని చెప్పిందట. రాణి పోయి నలభై ఏళ్లు దాటినా, తనూ బొంతలు కుట్టే మామ్మ ఆ సంగతి వదల్లేదు.

పంతొమ్మిది వందల యాభై తొమ్మిదిలో ఒక సాయంత్రం పాస్టరు తోమాగారు మా ఇంటికి భోజనానికొచ్చారు. ప్రార్థనలో హవాయి రాగానే కళ్లు తెరిచారు.

"అదింక మానెయ్యండమ్మా. అక్కడ ఓట్లు పెట్టారు. అమెరికాలో రాష్ట్రంగా కలుస్తామని జనమే అన్నారు. పేపర్లో పడింది."

"ఏమని అడిగారయ్యగారూ?"

"రాష్ట్రమవుతారా, ఇప్పుడున్నట్టే అమెరికా కింద ఉంటారా అని."

"నా చేను లాక్కున్నోడొచ్చి, కౌలుకి చేస్తావా కూలికి చేస్తావా అంటే, కౌలుకే అంటాను. అంతమాత్రాన చేను వాడిదైపోద్దా? నీ చేను నీకిచ్చెయ్యమంటావా అని అడగలేదేం?"

మామ్మ ఈసారి రెండు కళ్లూ మూసుకుని, హవాయి దగ్గర్నుంచే మళ్లీ అందుకుంది. చాలాసేపటికి పాస్టరుగారు మెల్లగా ఆమెన్ అనేసరికి, ఆయన కోసం వండిన చేపముక్కతో పిల్లి గోడ దాటింది.