సుజాతకు పోసిన ఎర్రనీళ్ళు

దెయ్యాల కబుర్లు మొదలైతే కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. సగం జీవితం నెల్లూరులో ఒక పరిశోధన ల్యాబులోనే గడిచింది. ఒంట్లో ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా ఉండి, చివరికి రక్త కేన్సర్ తెచ్చే ఒక వైరస్ మీద నా పని. కంటికి కనపడనివంటే నాకు భయం లేదు, వాటితోనే నా బతుకు.

సుజాత పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే ఇంటి పిల్ల. ఆ వైరస్ వల్లే జబ్బుపడి మా పక్క ఆసుపత్రిలో చేరింది. పరిశోధనకు రక్తం ఇస్తావా అని అడిగితే, "నాకెట్టా పనికిరాలా, మీరన్నా తీసుకోండక్కా" అని నవ్వి సంతకం పెట్టింది.

మామూలుగా రోగుల కణాలు సీసాలో కొన్నాళ్ళకే చచ్చిపోతాయి. సుజాతవి చావలేదు, పెరుగుతూనే పోయాయి. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అలాంటి కణాల కోసమే కాచుకుని ఉన్నాను. ఆ పిల్లకు గుటక దిగని రోజున మేము ల్యాబులో ఆ సంబరానికి మలైకాజా పంచుకున్నాం. ఆ వారంలోనే ఆమె పోయింది.

కణాలకు పోసే పోషక ద్రవం ఎర్రగా ఉంటుంది. చీకటిగా, ఒంటి వేడితో ఉండే పెట్టెలో సీసాలు ఉంచి, రెండు మూడు రోజులకోసారి ఆ ద్రవం మారుస్తాం. దాన్నే మేము అన్నం పెట్టడం అంటాం.

కొన్ని నెలలకు సుజాత తల్లి రమణమ్మ ఎండు రొయ్యల పొట్లంతో మా గేటు దగ్గరికి వచ్చింది. లోపలికి ఆమె ఎప్పుడూ అడుగుపెట్టలేదు.

"అమాసకి బిడ్డకి ఆకేసి అన్నం పెడతా ఉండా డాక్టరమ్మా. కల్లోకొచ్చి, నాకొద్దమ్మా, నేనింకా పోలా, వాళ్ళు ఎర్రనీళ్ళు పోస్తా ఉండారు అంటాది. యాడుండావే అంటే, చీకట్లో, వెచ్చంగా ఉండానంటాది."

వార్డులో రక్తం సంచులు చూసిన కళ్ళు, అదే కలగా వచ్చి ఉంటుందన్నాను, కాస్త కటువుగానే. ఆమె వినిపించుకోలేదు.

"మొన్న ఆదివారం అవి కూడా పొయ్యలేదంట. ఆకలని ఏడ్చింది."

ఆ ఆదివారం అన్నం పెట్టే వంతు నాది. చిల్లకూరులో పెళ్ళికి పోయి ఎగ్గొట్టాను. సోమవారం అందరికంటే ముందొచ్చి మార్చేశాను. ఎవరికీ చెప్పలేదు.

"చాలించు తల్లీ. బిడ్డని పోనీ."

నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. నా పేరు నిలిచిందే ఆ కణాల మీద. అయినా లోపలికి పోయి సీసాలన్నిట్లో బ్లీచింగ్ ద్రావణం పోశాను, గడ్డకట్టించి దాచినవి కూడా వదల్లేదు. ఎరుపంతా వెలిసిపోయింది. బయటికొచ్చి, పంపించేశాను రమణమ్మా అన్నాను. ఆమె నా చేతులు కళ్ళకద్దుకుంది.

ఆమెకు చెప్పనిది ఒకటుంది. అడిగిన ల్యాబుకల్లా కణాలు పంపడం మా పనిలో మర్యాద. అప్పటికే ఎనిమిది ల్యాబులకు పంపి ఉన్నాను. మీవి కూడా ఆపేయండని అందరినీ అడిగాను. ఎవరూ ఆపలేదు. చక్కగా పెరుగుతున్నాయని ఒకాయన నాకు కృతజ్ఞతలు చెప్పాడు.

అమావాస్య వెళ్ళిన మర్నాడు రమణమ్మ మళ్ళీ వచ్చింది.

"ముందు ఒకతే వచ్చేది. ఇప్పుడు గుడిసె పట్టడంలా డాక్టరమ్మా. తొమ్మిది మంది. అందరిదీ నా బిడ్డ మొగమే. నేనే సుజాతనంటే నేనే సుజాతనని కొట్లాడుకుంటా ఉండారు. ఎవురికని పెట్టేది?"

తొమ్మిది అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నేను పంపింది ఎనిమిది ల్యాబులకే. కడుపుకోతతో మతి చలించింది, అంతే అనుకున్నాను. ఆటో ఎక్కించి పంపేశాను.

వారం తిరక్కుండా ఆ ఎనిమిదిలో ఒక ల్యాబు పెద్ద ఫోన్ చేశాడు. మీ కణాలు పోయిన నెల మా స్నేహితుడికి కూడా ఇచ్చాను, ఆయన ఇంకొందరికి ఇస్తానంటున్నాడు, మీకు అభ్యంతరం లేదు కదా అని అడిగాడు.

దెయ్యాలున్నాయని ఇప్పటికీ నమ్మను. అమావాస్య అమావాస్యకీ రమణమ్మ ఇంట్లో వేసే విస్తరాకులు పెరుగుతున్నాయని ఆమె ఊరివాళ్ళు చెప్పారు. అన్నం చాలడం లేదని తను తినడం మానేసిందట.