ఫ్లెక్సీలోని టీక్యా

గార్ల పక్క తండాలో టీక్యాను గుర్తుపట్టడానికి మొహం మొత్తం చూడనవసరం లేదు. కింది దవడ అతనికంటే రెండు వేళ్లు ముందు నడిచేది. పళ్లు ఒకదానికొకటి తగిలేవి కావు. జొన్నరొట్టెను నీళ్లలో నానబెట్టి మింగేవాడు. ఆ దవడను చూసి ఎవరూ పిల్లనివ్వలేదు. తెలంగాణ ఉద్యమం వచ్చాక అదే దవడను ఫ్లెక్సీకి ఎక్కించారు. పిడికిలెత్తి అరుస్తున్న ఆ బొమ్మ రిలే దీక్షల టెంటు ముందు నిలబడింది. అంత కోపమున్న మొహం మండలంలో మరొకటి లేదని నాయకుల అభిప్రాయం. నిజానికి అది కోపం కాదు, ఎముక.

సకల జనుల సమ్మెకు ముందు టీక్యా ఎవరికీ చెప్పకుండా హైదరాబాదు పోయాడు. దవాఖానలో దవడ ఎముక కోసి, వెనక్కి జరిపి, పళ్లకు తీగలు చుట్టి నోరు మూసేశారు. వాపు తగ్గాక అద్దంలో ఒక అందగాడు కనిపించాడు. ఎవరో వెనక నిలబడ్డారనుకుని టీక్యా తిరిగి చూశాడు.

పళ్ల తీగలు ఇంకా విప్పకముందే, సమ్మె నడుస్తుండగా వచ్చి నేరుగా టెంటులో తన చోట కూర్చున్నాడు. దీక్షలు చూసుకునే కిరాణా కొట్టు ప్రభాకర్ అడ్డుపడ్డాడు.

"ఎవరన్నా నువ్వు? గది టీక్యా జాగ."

టీక్యా "ఊఁ ఊఁ" అని గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"నోరు తెరుస్తలేడు సూడు. సీఐడీ గావచ్చు," అన్నాడు ఆటో నడిపే బిక్షపతి.

టీక్యా ఓటరు కార్డు తీసిచ్చాడు. అందులోనూ పాత మొహమే. ప్రభాకర్ కార్డునూ మనిషినీ మార్చి మార్చి చూసి కాలరు పట్టుకున్నాడు. "మా టీక్యా కార్డు నీ జేబులకెట్లొచ్చిందిరా?"

తండా జనం కూలికి వలస పోయి ఉన్నారు. టీక్యాను టీక్యా అనడానికి చెల్లెలు మోతీబాయి ఒక్కతే మిగిలింది. రేగొండ దగ్గరి తండాలో ఆమెను ఇచ్చారు. ఫోన్ చేశారు. లంబాడి ఆడబిడ్డ చాలా నాళ్లకు అన్నను చూస్తే మెడ పట్టుకుని రాగం తీసి ఏడవాలి. ఏడిస్తే టీక్యా, ఏడవకపోతే ఠాణా అని టెంటులో తీర్మానం జరిగింది.

బస్సుల్లేక ఆటోలు మారి వచ్చింది మోతీబాయి. అందగాణ్ని ఒకసారి చూసి, పరాయి మగవాడి ముందు లాక్కున్నట్టు కొంగు తలమీదికి లాక్కుంది. నేరుగా ఫ్లెక్సీ దగ్గరికి పోయి, వెదురు గడను కావలించుకుని రాగం అందుకుంది.

"అయ్యో, టీక్యా పోయిండే!" అన్నాడు బిక్షపతి.

ఎవరో దండ తెచ్చి ఫ్లెక్సీకి వేశారు. "జోహార్ టీక్యా!" అని పిడికిళ్లు లేచాయి.

"నువ్వు గూడ ఎత్తు, మనిషివైతే," అని ప్రభాకర్ గద్దించాడు. టీక్యా తన చావుకు తానే పిడికిలెత్తాడు.

రాగం మాత్రం ఆగలేదు. ఏడ్చే చెల్లెలి తల నిమిరి ఊరుకోబెట్టాల్సింది అన్నే. ఫ్లెక్సీలోనివాడి చెయ్యి కిందికి దిగదు. టీక్యా లేచి, చిన్నప్పటి నుంచి చేసినట్టే, అరచేత్తో కాకుండా మెటికలతో ఆమె నడినెత్తిని తాకాడు.

రాగం టక్కున తెగింది. మోతీబాయి కళ్లెత్తకుండానే గడను వదిలి అతని మెడ పట్టుకుంది. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.

ప్రభాకర్ ఫ్లెక్సీ మీది దండ వైపు చూశాడు. "మరి గిది తియ్యాల్నా అక్కా?"

మోతీబాయి ముక్కు చీదుకుంది.

"ఉండనియ్యి. గాయన గూడ మా అన్ననే."