ఊదారంగు బట్టమేక

మా బడి డ్రాయింగు మాస్టారు పోయిన శుక్రవారం ఒంగోలు ఆసుపత్రిలో కన్నుమూశారు. కబురు వచ్చేసరికి నేను సైన్సు పాఠం చెబుతున్నాను. చాక్‌పీసు బల్ల మీద పెట్టేశాను.

ఆదివారాలు పత్తిచేల వెంట పిట్టల బొమ్మలకు వెళ్లేవాళ్లం. గీసేది ఆయన, వెంట నడిచేది నేను. బయల్దేరేముందు సంచీని చెవి దగ్గర పెట్టుకుని ఆడించేవారు. చప్పుడు చేసిన వస్తువు ఇంట్లోనే ఉండిపోవాలి. రంగుబిళ్లల రేకుడబ్బాలో కదలకుండా దూది కూరేవారు. తెల్లకాగితం ఎండకు మెరిసి పిట్టను బెదరగొడుతుందని, చీరాల బట్టలకొట్లో పొట్లాలు కట్టే గోధుమరంగు కాగితం తెచ్చుకునేవారు. బొమ్మ పెట్టుకోవడానికి ఒక స్టాండు కొనుక్కోమంటే నవ్వేవారు.

"మనం సామాను సర్దుకునేదాకా పిట్ట ఆగుద్దా అండీ?"

ఆయన కోరిక ఒక్కటే. బట్టమేక పిట్టను ఎదురుగా చూసి గీయాలి. బీళ్లన్నీ దున్ని పొగాకు, పత్తి వేసేస్తున్నారు, ఆ పిట్ట ఇక ఎన్నాళ్లో కనబడదని ఆయన బెంగ.

ఒక ఆదివారం కనబడింది. నడుమెత్తు పిట్ట, గడ్డిలో తీరిగ్గా మేస్తోంది. సరిగ్గా అప్పుడే ఆయన పెన్సిలు ముల్లు విరిగింది. చెక్కుకునే వ్యవధి లేదు. నా జేబులోని కాపీయింగ్ పెన్సిలు అందించాను.

"తడి తగిల్తే ఊదారంగు దిగుద్దండీ ఇది," అంటూనే గీసేశారు.

తిరిగొస్తుంటే మబ్బు కమ్మింది. గుడ్డసంచీ తడుస్తుందని బొమ్మను నా చొక్కా లోపల దాచుకుని, నల్లరేగడిలో రెండు మైళ్లు పరుగులాంటి నడక నడిచాను. ఆ వాన పడనేలేదు. నా చెమట సంగతి మాత్రం నాకు తట్టలేదు.

బడి వరండాలో తీసి చూస్తే కాగితమంతా ఊదా మరక. పిట్ట కాళ్లు మాత్రం మిగిలాయి. ఆయన దాన్ని చూసి, "మీ చొక్కా పాడైపోయిందండీ," అన్నారు.

ఆ తర్వాత ఏటేటా వెళ్లాం. బీడు తరిగిపోతూ వచ్చింది, పిట్ట రాలేదు. చివరిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు మంచం మీదనుంచి అడిగారు.

"అటేపు వెళ్లారా? కనబడిందా?"

"లేదండీ," అన్నాను. అబద్ధమన్నా చెప్పాల్సింది. నాకు అదీ చేతకాలేదు.

నిన్న వాళ్లమ్మాయి ఆ రేకుడబ్బా నా చేతిలో పెట్టింది. అలవాటుగా చెవి దగ్గర ఆడించాను. చప్పుడు లేదు. మూత తీస్తే దూది మీద ఆ కాగితమే, మడతలు పెట్టి ఉంది. ఊదా మరక కింద మిగిలిన రెండు కాళ్ల చుట్టూ, ఎప్పుడు గీశారో, మామూలు పెన్సిలుతో ఒత్తుగా గడ్డి మొలిపించారు.