రానివాళ్ల గురించి అడిగిన అత్త

మా ఎదురింటి అత్త పోయి నెల దాటింది. వార్త అందేసరికి నేను చెన్నైలో ఒక స్కూలు మైదానంలో కుర్చీల వరసలు సరిచూస్తున్నాను. నాలుగు రోజులుగా ఆమెకు జ్వరమని తెలుసు, తగ్గుతుందిలే అనుకున్నాం. అమ్మ ఫోన్ చేసి, "మీ అత్త పొద్దున లేవలేదురా" అంది. ఆ సాయంత్రమే అక్కడ పిల్లల టోర్నమెంటు మొదలు. నేను ఉద్యోగంలో చేరి మూడు వారాలు. ధైర్యం కూడగట్టుకుని సెలవు అడిగేలోపే ఊళ్లో అంతా అయిపోయింది. చివరి చూపు దక్కలేదు.

మీలో ఎవరికీ ఆమె తెలిసే అవకాశం లేదు. ఇందుకూరుపేట మండలంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న మా పాళెంలో, పడవలు ఒడ్డుకు చేరాక చేపల వేలం వేసేది ఆమె. మాకు రక్త సంబంధం లేదు. అమ్మ వదినా అని పిలుస్తుంది కాబట్టి నాకు అత్త. భర్త ఎప్పుడో పోయాడు. వేటకు పోయే కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు. ఆమె టీ ఎప్పుడూ వేడిగా తాగగా చూడలేదు. గ్లాసు పక్కన పెట్టి మరిచిపోయి, చల్లారాక ఒక్క గుక్కలో తాగేది. మనిషిని పేరు పెట్టి తప్ప పిలిచేది కాదు. ఒడ్డుకొచ్చే ప్రతివాళ్ల పేరూ, వాళ్ల పిల్లల పేర్లూ ఆమె నోటి మీద ఉండేవి.

ఇంటర్ అయ్యాక స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదువుతానంటే మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. "ఆడేవాళ్లు ఆడతారు, చూసేవాళ్లు చూస్తారు. మధ్యలో నువ్వేంది చేసేది?" అన్నాడు నాయన. నిజానికి నాకూ సరిగ్గా తెలియదు. వాలీబాల్ జట్టులో ఎప్పుడూ బెంచీ మీదే కూర్చున్నవాణ్ణి. ఆటకు దగ్గరగా ఉంచే చదువేదో ఉందని విని ఆశపడ్డాను, అంతే.

అప్పుడు మా వసారాలో కూర్చుని ఉన్న అత్త, "చేపలు పట్టేది నేను కాదు, తినేది నేను కాదు. మధ్యలో నేను లేకపోతే నీ చేపలు ఏమవుతాయన్నా?" అని అడిగింది. నాయన నవ్వాడు. నెల తిరగకముందే నన్ను చెన్నై రైలెక్కించాడు.

ఆఖరి సంవత్సరంలో ఒక్కొక్కరం ఒక పోటీని సొంతంగా నిర్వహించి రిపోర్టు ఇవ్వాలి. మా తీరంలో ఆడపిల్లలకు బీచ్ కబడ్డీ పెడతానని రాసిచ్చాను. మాతో కలిపి ఆరు పాళెంలు. ప్లాను ఒక పుస్తకమంత అయింది. కోర్టు కొలతలు, అంపైర్లు, అంబులెన్సు వచ్చే దారి, ఫ్లడ్‌లైట్లు. స్పాన్సర్ ఫ్లెక్సీ ఎక్కడ కడితే ఫోటోల్లో పడుతుందో దానికొక బొమ్మ. తీరా పది రోజుల ముందు చూసుకుంటే రెండు పాళెంల నుంచే పేర్లు వచ్చాయి.

అత్త అరుగు మీద కూలబడి విసుక్కున్నాను. "మనవాళ్లకి చైతన్యం లేదత్తా. ఎంత చేసినా ఇంతే."

ఆమె చేపలు తోముతూ తలెత్తకుండానే అంది: "వచ్చినోళ్ల పేర్లు పట్టుకోని కూర్చోనుండావు. రానోళ్లని అడిగినావా, ఎందుకు రాలేదని?"

"అడిగేదేముంది, పిల్లల్ని పంపం అంటారు."

"ఆ పుస్తకం చదువు. నాకు చదవను రాదు గదా."

మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అయ్యాక చేతులు కడుక్కుని, "బో బాగా రాసినావు మస్తానూ. ఆడపిల్లలు గుడ్డలు ఎక్కడ మార్చుకుంటారు?" అంది.

అంబులెన్సు ఏ మలుపు తిరగాలో రాసిన నాకు ఆ సంగతి తోచనే లేదు.

"ఒంటికి పోవాలంటే?"

మళ్లీ పుస్తకం తిరగేశాను.

"ఆట అయిపోయేసరికి ఎంత పొద్దు పోతది?"

"తొమ్మిది అవుతుందత్తా."

"ఇంక ఎవురు పంపిస్తారయ్యా?" అంది. ఆ గొంతులో ఎగతాళి లేదు. అందుకే నాకు మరీ సిగ్గేసింది.

మర్నాటి నుంచి నాలుగు రోజులు, వేలం అయిపోగానే ఆమే నన్ను ఆటోలో ఎక్కించుకుని పాళెం పాళెం తిప్పింది. తల్లుల దగ్గర కూర్చుని ఒకే మాట చెప్పేది: "గుడ్డలు మార్చుకునేదానికీ, ఒంటికి పోయేదానికీ మా ఇల్లుండాది. లోపల గడియ ఉండాది. గడపలో నేను కూర్చోనుంటా. పొద్దుగూకే లోపల నేనే ఆటో ఎక్కించి పంపిస్తా." ఒకామె, "సెల్లుల్లో వీడియోలు తీస్తే?" అంది. "తీసినోడి పేరు చెప్పు. వాళ్లమ్మ దగ్గరికి నేను పోతా" అంది అత్త.

ఫ్లడ్‌లైట్లు రద్దు చేశాను. ఆట మూడింటికే మొదలని మార్చాను. రొయ్యల మేత అమ్మే స్పాన్సరు, చీకట్లో వెలిగే తన బోర్డు వృథా అవుతుందని మొహం ముడుచుకున్నాడు. "నీ కూతురిని గూడా పిలుచుకోని రా పెంచలయ్యా, చూస్తది" అంది అత్త. పిలుచుకొచ్చాడు. ఆరు పాళెంల జట్లూ వచ్చాయి.

ఫైనల్లో గొడవైంది. కూతకు వచ్చిన పిల్ల గీత తాకిందా లేదా అన్నది తేలలేదు. రెండు పాళెంల కుర్రాళ్లూ కోర్టులోకి దిగారు. నేను మైకు పట్టుకుని నిబంధనలు చదువుతున్నాను, వినేవాడు లేడు. గడపలో కూర్చున్న అత్త లేచి, కోడలిని అక్కడ కూర్చోబెట్టి, ఇసకలో నడుచుకుంటూ వచ్చింది. మైకు అడగలేదు, అరవలేదు. "శీనయ్యా, నీ చెల్లెలు నిన్నే చూస్తా ఉండాది, కూర్చో. రమణయ్యా, నువ్వు కూర్చోయ్యా." ఇలా ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచింది. పేరు పిలిచినవాడల్లా తగ్గాడు. చివరికి అంపైర్ తీర్పు మా పాళేనికి వ్యతిరేకంగా వచ్చింది. మొదట చప్పట్లు కొట్టిందీ ఆమే.

పిల్లలందరినీ ఆటోలెక్కించాక అరుగు మీద కూర్చుని, చల్లారిన టీ తాగి, నేనడగకుండానే చెప్పింది: "చిన్నప్పుడు నేనూ చెడుగుడు ఆడినాను మస్తానూ. తిరణాల్లో ఆడతా ఉంటే పావడా చినిగింది. అందరూ నవ్వినారు. మా నాయన కొట్టలా, తిట్టలా. చెయ్యి పట్టుకోని ఇంటికి పిలుచుకొచ్చినాడు. మళ్లీ నేను ఆడలా." పొయ్యి దగ్గరున్న కోడలు గరిటె ఆపి వినడం నాకు కనిపించింది.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. వైవాలో మా ప్రొఫెసర్ ఆ దుస్తులు మార్చుకునే గది ఏర్పాటునే మెచ్చుకుని, ఎలా తట్టిందని అడిగారు. "ఫీల్డ్ సర్వేలో తేలింది సార్" అన్నాను. మంచి మార్కులు వచ్చాయి. సెలవులకు వచ్చినప్పుడు మనసు ఊరుకోక అత్తకు చెప్పేశాను. ఆమె పగలబడి నవ్వింది. "సర్వే అంటే నేనేనా? పోనీలే, బాగుండాది పేరు."

తరువాత ఉద్యోగం ఇంటర్వ్యూలో, "ఈవెంట్ నిర్వహణలో మీరు చేసిన పెద్ద తప్పేమిటి?" అని అడిగారు. ఒప్పు లాంటి తప్పు ఒకటి ముందే తయారు చేసుకుని వెళ్లాను. నోరు తెరిచేసరికి అది రాలేదు. అత్త అడిగిన మూడు ప్రశ్నలూ, అవేవీ నాకు ముందు తోచకపోవడమూ ఉన్నదున్నట్టు చెప్పాను. ఉద్యోగం ఇచ్చారు. ఫోన్ చేసి చెబితే, "అక్కడ గూడా ముందు ఆ గది చూసుకో" అంది. అదే ఆమె దీవెన.

ఆమె పోయిన రోజు మధ్యాహ్నం ఆ స్కూల్లో అమ్మాయిలు దుస్తులు మార్చుకునే గది చూడ్డానికి వెళ్లాను. గడియ పడడం లేదు. కార్పెంటరును పిలిపించి, అతను కొత్తది బిగించేదాకా అక్కడే నిలబడ్డాను. నేను ఏడ్చింది కూడా అక్కడే. అతను నన్నొకసారి చూసి, నాలుగు మేకులు ఎక్కువే కొట్టి వెళ్లాడు.

మొన్న నెల మాసికానికి ఊరికి వెళ్లాను. మర్నాటి సాయంత్రం ఒడ్డున మా పాళెం పిల్లలు ఆడుతుంటే చూస్తూ కూర్చున్నాను. అత్త కోడలు చంటివాణ్ణి ఎత్తుకుని వచ్చి పక్కన నిలబడింది.

"ఈసారి పోటీ ఎప్పుడు మస్తానూ?"

"వేసవిలో పెడదామక్కా."

చంటివాణ్ణి మరో చంకకు మార్చుకుని, "పెళ్లయినోళ్లు ఆడొచ్చా?" అంది.

"ఎందుకు ఆడకూడదు!"

"అయితే నా పేరు రాసుకో."

పిల్లవాణ్ణి నా ఒళ్లో పెట్టి, కొంగు నడుముకు బిగించి దోపుకుంది. పిల్లలు ఆట ఆపి దారి ఇచ్చారు. గీత ముందు నిలబడి ఒకసారి వెనక్కి, ఇళ్ల వైపు చూసింది. తరువాత ఊపిరి గట్టిగా పీల్చుకుని గీత దాటింది. గాలి సముద్రం మీద నుంచి కొడుతోంది. ఆమె కూత ఒకసారి వినబడుతూ, ఒకసారి వినబడకుండా, తెగకుండా సాగుతూనే ఉంది.