గుమ్మం మీద మొదటి గడి

కుజ్మాకి పై వరసలో నాలుగు పళ్ళు లేవు. కుడిచేతికి మూడు వేళ్ళు వంకర. పళ్ళు ఒక ప్రభుత్వం తీసుకుంది, వేళ్ళు ఇంకో ప్రభుత్వం. రెండూ తీసుకున్నది ఒక్క గడి కోసమే.

డల్మేషియా కొండల వెనక వాళ్ళ ఊరి సర్కారు కచేరీ గుమ్మం మీద క్రొయేషియా దేశచిహ్నమైన డాలు చెక్కింది కుజ్మా తండ్రి. అడ్డం అయిదు, నిలువు అయిదు గళ్ళు, ఎరుపూ తెలుపూ. రాతికి రంగు వెయ్యరు. ఉబ్బుగా ఉన్న గడి ఎరుపు, లోతుగా ఉన్నది తెలుపు. ముసలాయన ఎడమ పైమూల గడిని ఉబ్బుగా వదిలాడు. అంటే ఎరుపుతో మొదలు. ఎందుకని ఎవరూ అడగలేదు. చక్రవర్తుల ముద్రల మీదా, ఇన్స్‌బ్రుక్ నుంచి వియన్నా దాకా గోడల మీదా ఆ డాలు ఒకచోట ఎరుపుతో, ఇంకోచోట తెలుపుతో మొదలయ్యేది. ఆ తేడాకి ఎవడి పన్నూ ఊడలేదు.

పంతొమ్మిదివందల నలభై ఒకటిలో హిట్లర్ అండతో నల్లదుస్తుల ఉస్తాషీలు గద్దెనెక్కి, తండ్రి ఉలి అందుకున్న కుజ్మాని పిలిచి మొదటి గడి తెలుపు కావాలన్నారు. మా నాన్న చెక్కింది ముట్టనన్నాడు కుజ్మా. తుపాకి మడమ నోటిమీద పడింది. రక్తం ఉమ్ముకుంటూనే పదమూడు ఉబ్బుగళ్ళనీ మిగతా పన్నెండిటికంటే లోతుకి దింపాడు. మూల గడి తెలుపయింది. ఆ డాలు కిందే గోడకి నిలబెట్టి ఏడుగురిని కాల్చారు. వాళ్ళలో యాకవ్ ఒకడు.

నలభై అయిదు వసంతంలో యాకవ్ తమ్ముడు రోకో, ఉస్తాషీల మీద పోరాడిన కమ్యూనిస్టు దళాల, పార్టిజాన్ల, నాయకుడై ఊళ్ళోకి దిగాడు. అప్పటికి కుజ్మా ఒక్కగానొక్క కొడుకు షీమే, ఉస్తాషీలు బలవంతాన సైన్యంలోకి లాక్కెళ్ళినవాడు, పార్టిజాన్లకి చిక్కి ఊరి బడిలో బందీగా ఉన్నాడు.

"కుజ్మా బాబాయ్, మా అన్న ఆఖర్న చూసింది నీ తెల్లగడినే."

"నాది కాదురా రోకో. నా పళ్ళనడుగు, చెబుతాయి."

"పళ్ళు పోతే గంజి తాగి బతుకుతావు. మా అన్న దేంతో తాగుతాడు?" రోకో గొంతు పెంచలేదు. "ఆదివారం మధ్యాహ్నానికి మొదటి గడి ఎరుపవ్వాలి. షీమే ఇంటికొస్తాడు."

పక్కనున్న సిపాయి నవ్వాడు. "రాయి తిరగేసి పెట్టు ముసలోడా, పనైపోద్ది."

"అయిదు గళ్ళ వరస నాయనా. ఏ మూల పైకి తెచ్చినా తెలుపే వస్తుంది. మీ బళ్ళో లెక్కలు చెప్పలేదా?"

సిపాయి కడుపులో తన్నాడు. కుజ్మా లేచి నిచ్చెన తెచ్చుకున్నాడు.

దారి ఒకటే. ఎత్తుగా ఉన్న పన్నెండు గళ్ళనీ ఆ పదమూడింటికంటే కిందికి చెక్కాలి. రాయి అప్పటికే పలచన. మూడు రోజులు ఊపిరి బిగబట్టి చెక్కాడు. భార్య మాండె మొక్కజొన్న సంకటి ఒక గిన్నె నిచ్చెన దగ్గర పెట్టి, ఇంకో గిన్నె షీమేకని బడికి పట్టుకెళ్ళేది. శుక్రవారం ఆ గిన్నె నిండుగానే తిరిగొచ్చింది.

"ఇంక తేవద్దన్నాడు కాపలావాడు" అంది మాండె.

"ఎల్లుండి ఇంటికే వస్తాడుగా, అందుకే అని ఉంటాడు. నువ్వు తినెయ్."

ఆదివారం రోకో నిచ్చెనెక్కి మూల గడి అరచేత్తో తడిమాడు. "ఎరుపే."

"మరి మావాడు?"

రోకో కిందికి దిగి చేతులకంటిన దుమ్ము దులుపుకున్నాడు. "శుక్రవారం పొద్దున్నే కొండల్లో అడుగు కనపడని గొయ్యి దగ్గరికి తోలుకెళ్ళారు. బందీలందరితో పాటే."

"తెలిసీ నాచేత చెక్కించావా?"

"రాయి మారాలి కదా, బాబాయ్."

కుజ్మా పెద్ద సుత్తి తీసుకుని నిచ్చెనెక్కాడు. ఏదో నునుపు చెయ్యడానికనుకున్నాడు రోకో. ఒక్క దెబ్బ. రెండుసార్లు చెక్కి పలచబడ్డ రాయి విరిగి, మూల గడి రోకో బూట్ల ముందు పడింది.

సిపాయిలు అతన్ని కిందికి లాగి, కుడిచెయ్యి గడపమీద పెట్టి, తుపాకి మడమతో దంచారు. మూడో దెబ్బ రోకోయే వేశాడు. అరిచింది మాండె.

షీమే శవం దొరకలేదు. మాండె ఆ గడిముక్కని పైబట్టలో కట్టుకుని శ్మశానానికి తీసుకెళ్ళి, తన అత్తమామల సమాధి పక్కన, చెక్కిన వైపు పైకి ఉండేలా, గుర్తురాయిగా పాతింది. దానిమీద షీమే పేరు చెక్కమంది. కుజ్మా ఉలి పట్టబోయాడు. వేళ్ళు మూసుకోలేదు.

అప్పుడతను మోకాళ్ళమీద కూర్చుని, ముక్కని ఎడమచేత్తో పెకలించి తిరగేశాడు. చెక్కిన వైపు మట్టిలోకి పోయింది. చెక్కని వైపు పైకి వచ్చింది.